వణికే చేతికి మణికట్టు పట్టీ: ఎలా వాడాలి

గుంటూరు బ్రాడీపేటలో ఫిజియోథెరపీ చేస్తున్నాను. చేయి వణుకుతోందని వచ్చేవారిలో చాలామంది నొప్పులకు పెట్టే టెన్స్ యంత్రమే పెట్టమంటారు. దయచేసి అలా ప్రయత్నించకండి. వణుకు కోసం చేసిన పట్టీ వేరు. అంతకన్నా ముందు, మీది ఎలాంటి వణుకో న్యూరాలజిస్టు తేల్చాలి.

అమెరికాలో కాలా సంస్థ పట్టీకి ఎసెన్షియల్ ట్రెమర్ (ఏదైనా పని చేసేటప్పుడు చేతులు వణికే నరాల సమస్య) కోసం 2018లో అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. డాక్టరు రాసిస్తేనే ఇస్తారు. మణికట్టు దగ్గరి మీడియన్, రేడియల్ నరాలకు అది మార్చి మార్చి సన్నని కరెంటు అందిస్తుంది. ఆ మార్పు మీ వణుకు వేగాన్ని బట్టి సాగుతుంది. సూది గుచ్చడం, కోయడం ఉండవు. పేస్‌మేకర్ లేదా మెదడులో డీబీఎస్ (మెదడుకు కరెంటు అందించే) పరికరం ఉన్నవారు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు వాడకూడదు. పుండు, దద్దురు ఉన్న చోట కట్టకూడదు.

గాజులు, గడియారం తీసి, మణికట్టు మీద నూనె జిడ్డు లేకుండా కడిగి తుడుచుకోండి. ఎలక్ట్రోడ్లు (కరెంటు అందించే బిళ్లలు) చర్మానికి ఆనుకునేలా కట్టండి.

అసలు తిప్పలు పట్టీ మీ వణుకు వేగాన్ని కొలిచే దగ్గరే. మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేసిన ఒక పెద్దాయనకు, డాక్టరు సరేనన్నాక, అమెరికా నుంచి కొడుకు పట్టీ తెచ్చారు. చెప్పిన భంగిమలో చేయి చాపమంటే ఆయన మోచేతిని పొట్టకు అదిమిపెట్టేవారు. పెళ్లిళ్లలో కాఫీ వద్దనడం, చెక్కు మీద సంతకానికి అబ్బాయిని పిలవడం, ఇలా వణుకును దాచడమే ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. కానీ చేయి బిగబడితే పట్టీకి సరైన లెక్క అందదు. "వణకనివ్వండి బాబాయిగారూ, ఇక్కడ చూసేవాళ్లెవరూ లేరు" అని పక్కన కూర్చున్నాను. మీ ఇంట్లోనూ ఆ సమయంలో చుట్టాలను పక్క గదిలో కూర్చోబెట్టండి.

తర్వాత కరెంటు తీవ్రత మెల్లగా పెంచండి. చిమచిమ తెలియాలి, నొప్పి ఉండకూడదు. ఒక విడత 40 నిమిషాలు. ఉపశమనం తాత్కాలికమే, కాబట్టి భోజనానికో, రాతపనికో కాస్త ముందు పెట్టుకోవడం మేలు. వణుకు తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనోలాల్ వంటి మందులు మీ అంతట మీరు మానవద్దు. ఎర్రదనం, దురద తగ్గకపోతే ఆపి డాక్టరుకు చూపించండి.

పట్టీ కట్టే ముందు చుట్లు చుట్లుగా తిరిగే గీత (స్పైరల్) ఒకటి, తీశాక మరొకటి అదే కాగితం మీద గీసి తేదీ వేయండి. బాగా రాని రోజువి కూడా దాచండి. మందు మోతాదు మార్చాలా వద్దా అని ఆలోచించే డాక్టరుకు ఆ కాగితాలన్నీ కావాలి.