నూనె-నీళ్ల సరిహద్దులో పాలిమర్ కొలతలు కుదరకపోతే

సమస్య: తలతన్యత ఎంతకీ నిలవదు

సూది చివర చుక్క వేలాడదీసి గంట గడిచినా తలతన్యత (సరిహద్దును బిగించి ఉంచే బలం) రీడింగ్ దిగుతూనే ఉంటే, వెంటనే పాలిమర్‌ని (పొడవైన గొలుసులాంటి అణువుల పదార్థాన్ని) అనుమానించకండి. పాలిమర్ కలపని నీళ్లతో, అదే నూనెతో ఒకసారి కొలవండి. శుభ్రమైన హెక్సాడెకేన్ అనే నూనె అయితే 25 డిగ్రీల దగ్గర మీటరుకు 52, 53 మిల్లీన్యూటన్లు చూపించి అక్కడే నిలబడాలి. అదీ జారుతోందంటే తప్పు నూనెది. సీసా మీద 99 శాతం అని ఉన్నా, మిగిలిన ఆ ఒక్క శాతంలోని మలినాలే సరిహద్దుకు చేరి కొలతను పాడుచేస్తాయి. నూనెను అల్యూమినా కాలమ్‌లోంచి (మలినాలను పట్టుకునే పొడి నింపిన గొట్టం) కొన్నిసార్లు వదిలి మళ్లీ చూడండి. సూదినీ సిరంజినీ కడగడం మర్చిపోవద్దు, సగం గొడవ అక్కడే.

పాలిమర్ కలిపాకే దిగుతుంటే అది లోపం కాదు. పాలిమర్ గొలుసులు సరిహద్దుకు చేరాలి, చేరాక సర్దుకుని పరుచుకోవాలి. టైమ్ పడుతుంది, ఆగడమే.

సమస్య: అణువులన్నీ ఒకే వైపు కొట్టుకుపోతున్నాయి

ఇక్కడి నుంచి మాట వేరే కొలత గురించి: రంగు అంటించిన పాలిమర్ అణువులను లేజర్ వెలుగులో వీడియో తీసి, ఒక్కోదాని కదలికను వెంటాడడం (ట్రాకింగ్). అన్నీ ఒకే వైపు పోతుంటే, ఎక్కడో వేడిలోనో గాఢతలోనో తేడా ఉంది. తలతన్యత ఎక్కువున్న వైపుకి సరిహద్దే జరుగుతోంది. దీన్నే మారంగోని ప్రవాహం అంటారు. ద్రవాలున్న చిన్న గిన్నె (సెల్) మూత బిగించండి, లేజర్ తగ్గించండి. ఇంకా మిగిలిన కదలికను ప్రతి ఫ్రేమ్‌లోనూ సగటు తీసి, లెక్కలోంచి తీసేయండి.

సమస్య: అణువు కాసేపు పాకి, ఉన్నట్టుండి దూరంగా దూకుతోంది

చాలామంది దీన్ని ట్రాకింగ్ తప్పనుకుని కొట్టేస్తారు. తొందరపడకండి. పాలీఇథిలీన్ గ్లైకాల్ లాంటి గొలుసు సరిహద్దు నుంచి ఊడి, నీళ్లలో కాస్త తిరిగి, మరోచోట అతుక్కుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో గరిష్ఠ అంగ దూరం (ఒక ఫ్రేమ్ నుంచి తర్వాతి ఫ్రేమ్‌కి అణువు కదలగలదని ఒప్పుకునే హద్దు) చిన్నగా పెడితే ఈ దూకుళ్లు మాయమై, వ్యాపన గుణకం (అణువు ఎంత త్వరగా చెదురుతుందో చెప్పే అంకె) తక్కువగా వస్తుంది. మరీ పెద్దగా పెడితే పక్క అణువును కూడా అదే అణువుగా లెక్కేస్తుంది. తేల్చుకోవాలంటే రంగు అంటించిన అణువుల సంఖ్య సగానికి తగ్గించండి. పొడవైన అంగల వాటా అలాగే ఉంటే అవి నిజమైనవే. బాగా తగ్గితే లెక్కలో రెండు అణువులు ఒకటిగా కలిసిపోతున్నట్టు.

నిజమైనవని తేలాక ఒక్క సగటు విలువతో సరిపెట్టకండి, అంగల పొడవుకి హిస్టోగ్రామ్ (ఏ పొడవు ఎన్నిసార్లు వచ్చిందో చూపే పట్టీల బొమ్మ) గీయండి. మామూలు గంట ఆకారపు (గాసియన్) వక్రం కంటే తోక లావుగా, అంటే పొడవైన అంగలు ఎక్కువగా కనిపిస్తాయి. వీలైతే స్నిగ్ధత ఎక్కువున్న (చిక్కని) మరో నూనెతోనూ చూడండి. అందులో పాకుడు మందగించి, ప్రయాణం ఎక్కువగా దూకుళ్ల మీదే సాగుతుంది. పలుచని నూనెలో మాత్రం అణువు కదలికను ద్రవాలు అడ్డుకునే ఈడ్పే వేగాన్ని నిర్ణయిస్తుంది.