కడప, అనంతపురం గాలిని ఋతువును బట్టి కనిపెట్టడం ఎలా?

రెండూ రాయలసీమ ఊళ్లే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం (గాలి ప్రమాణాలను అందుకోలేని నగరాలను బాగుచేసే కేంద్ర పథకం) జాబితాలోనూ రెండూ ఉన్నాయి. కానీ కడపకు మూడు వైపులా నల్లమల, పాలకొండల వరసలు అడ్డంగా నిలబడితే, అనంతపురం చాలావరకు బయలు. అందుకే కడపవాళ్లు ముందు చలికాలపు పొగను, అనంతపురంవాళ్లు ముందు ఆషాఢపు దుమ్మును చూసుకోవాలి.

మొదట ఫోన్ మ్యాప్‌లో ఎత్తుపల్లాలు చూపే టెర్రైన్ పొరను తెరవండి. ఇంటి చుట్టూ 5 కిలోమీటర్లలో కొండలు, వంకలు, చెత్త డంపింగ్ యార్డు, ఇటుక బట్టీలు, కంకర క్రషర్లు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద గీసుకోండి. తర్వాత ఒక వారం పాటు ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 9 గంటలకు మిద్దె మీద అగరబత్తి వెలిగించి పొగ ఎటు పోతోందో రాసుకోండి. పిట్టగోడ పక్కన నిలబడితే గాలి అక్కడే సుడి తిరిగి తప్పు దిక్కు చూపిస్తుంది. మిద్దె మధ్యలో, చెయ్యి పైకెత్తి చూడాలి. ఇదే పని చలికాలంలో ఒకసారి, ఆషాఢంలో ఒకసారి చేస్తే చాలు, ఏ కాలంలో ఎక్కడి పొగ, దుమ్ము మీ ఇంటి వైపు వస్తాయో కాగితం చూసి తెలుసుకోవచ్చు.

చలికాలం సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. డిసెంబరు, జనవరిల్లో ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలినీ చల్లబరుస్తుంది. పైనున్న గాలి మాత్రం వెచ్చగానే ఉండి మూతలా కూర్చుంటుంది. కొండవాలు మీది చల్లగాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి పారుతుంది. కడపలో బుగ్గవంక లాంటి పల్లాల పక్క వీధులకు ఈ తిప్పలు ఎక్కువ. నీళ్లు కాచుకునే పొయ్యిల పొగ, కాల్చిన చెత్త పొగ అక్కడికే చేరి తెల్లారేదాకా కదలవు. మూత పడిందని తెలుసుకోవడానికి రెండు గుర్తులున్నాయి: పొగ కొంత పైకి లేచి దుప్పటిలా అడ్డంగా పరుచుకుంటుంది, దూరంగా పోయే రైలు కూత పక్క వీధిలో ఉన్నట్టు వినిపిస్తుంది. ఎండ తగిలి నేల వేడెక్కితేనే మూత విడుతుంది. సాధారణంగా పొద్దు పొడిచాక 2, 3 గంటలు పడుతుంది. కాబట్టి ఆ నెలల్లో ఉబ్బసం ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు తెల్లవారుజామున నడకకు వెళ్లకూడదు. సాయంత్రం 4కో, ఉదయం 10 దాటాకో వెళ్లాలి. కిటికీలు కూడా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే తెరవండి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ప్రభుత్వ యాప్‌లో కనిపించే ఏక్యూఐ (గాలి నాణ్యత సూచిక)లో ధూళికణాల లెక్క 24 గంటల సగటు. ఉదయం 7కి చూసే అంకెలో నిన్న మధ్యాహ్నపు మంచి గాలి కూడా కలిసి ఉంటుంది. గంట గంటకూ ఇచ్చే పీఎం 2.5 (అతి సన్నని కణాలు), పీఎం 10 (వాటితో పాటు కాస్త లావు కణాలూ కలిపి) అంకెలు విడివిడిగా చూడండి. 24 గంటల జాతీయ పరిమితి ఘనపు మీటరుకు పీఎం 2.5కి 60, పీఎం 10కి 100 మైక్రోగ్రాములు. యాప్ చూపే పీఎం 2.5 అంకెను పీఎం 10 అంకెతో భాగించండి. 72, 120 ఉంటే 0.6 వస్తుంది: ఎక్కువ భాగం ఎక్కడో ఏదో కాలుతున్న పొగ. 45, 180 ఉంటే 0.25: అది మట్టి దుమ్ము. పొగకు ముఖానికి బిగువుగా అతుక్కునే ఎన్95 మాస్కే కావాలి, తువ్వాలు పనికిరాదు. దుమ్ముకు తువ్వాలు కొంత ఆసరా. ఇంట్లో చవకైన సెన్సర్ పెట్టుకున్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మంచు పట్టిన ఉదయం తేమ వల్ల ధూళికణాలు ఉబ్బడంతో అది ఎక్కువ చూపిస్తుంది. లావు దుమ్మును మాత్రం సరిగా పట్టుకోలేదు, గాలిదుమారంలోనూ తక్కువే చూపిస్తుంది.

వేసవి మధ్యాహ్నం వేడిగాలి 2 కిలోమీటర్ల పైకి కూడా లేస్తుంది కాబట్టి పొగ పలచబడుతుంది. అయితే అదే ఎండకు వాహనాల పొగ నుంచి ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోన్ వాయువు పుడుతుంది. దాన్ని మామూలు మాస్కు ఆపలేదు, ఆ వేళ ఇంట్లో ఉండడమే మార్గం.

ఆషాఢం వచ్చేసరికి నైరుతి గాలి తన తేమను పడమటి కనుమల మీదే చాలావరకు దించేసి, అనంతపురం వైపు పొడిగా, జోరుగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలి కోసమే. వేరుశనగకు దున్ని, వాన కోసం ఎదురుచూస్తున్న చేలు అప్పుడు బోసిగా ఉంటాయి. తారు రోడ్డు అంచుల్లోని వదులు మట్టి కూడా తోడవుతుంది. పడమటి, నైరుతి కిటికీలు మూసి తూర్పువి తెరవండి. పొడి చీపురుతో ఊడిస్తే కూర్చున్న దుమ్ము మళ్లీ లేస్తుంది, కాబట్టి వాకిట్లో కళ్లాపి చల్లాకే ఊడవాలి, ఇంట్లో తడిగుడ్డ పెట్టాలి. రోడ్డు మీద ట్యాంకరుతో నీళ్లు చల్లించడం ఆ కాసేపటికే. వీధివాళ్లంతా కలిసి అడగాల్సింది రోడ్డు అంచులకు రాళ్లు పరిపించమని.

ఇంటికి పడమర ఖాళీ జాగా ఉంటే కానుగ, వేప రెండు వరసలు నాటండి. గోడ గాలిని పైకి ఎగదోసి వెనక సుడిగా దించుతుంది. సగం గాలిని ఆకుల్లోంచి పోనిచ్చే చెట్ల వరస, తన ఎత్తుకు దాదాపు 10 రెట్ల దూరం వరకు జోరు తగ్గిస్తుంది. మొక్కలు వాన పడ్డాక నాటి, మొదటి రెండు వేసవులు నీళ్లు పోయాలి.