ఊసరవెల్లి పెంపకం - నాలుగో పాఠం: చేతికి మచ్చిక చేయడం

గత మూడు పాఠాల్లో గూడు అమర్చుకున్నాం, దీపాలు పెట్టుకున్నాం, ఆకుల మీద నీటి చుక్కలు పడే ఏర్పాటు చేసుకున్నాం. ఆ మూడూ కుదిరి, ఊసరవెల్లి కనీసం రెండు వారాలుగా మేత బాగా తింటూ ఉంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి. తినని జీవికి మచ్చిక పనికిరాదు. ముందు లోపం ఎక్కడుందో వెతకాలి. మీది వీల్డ్ అనే జాతి ఊసరవెల్లి అయితే ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 29-32 డిగ్రీల సెల్సియస్ వేడి ఉందా, యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే ట్యూబు పాతబడిందా అన్నది మళ్ళీ చూడండి. ట్యూబు వెలుగుతున్నా అందులో యూవీబీ తగ్గిపోయి ఉండవచ్చు.

ఊసరవెల్లి ఒంటరి జీవి. తన జాతి వాటినే దగ్గరికి రానివ్వదు కాబట్టి గూటికి ఒకటే అని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. అలాంటిది మన ఒడిలో నిమిరించుకోవాలని కోరుకోదు. ‘ఈ మనిషితో నాకు ముప్పు లేదు’ అని అది తేల్చుకోవడమే మచ్చిక. అంతకు మించి ఆశించి తొందరపడితే ఉన్న నమ్మకం కూడా పోతుంది.

ముందు ఒళ్ళు చదవడం నేర్చుకోండి

పక్కనున్న వస్తువు రంగులోకి ఊసరవెల్లి మారిపోతుందని చాలామంది అనుకుంటారు. దాని రంగు ప్రధానంగా చెప్పేది దాని మనసు, ఒంటి వేడి. పాంథర్ అనే జాతి ఊసరవెల్లి మీద జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం ఇందులోని కిటుకు చూపించింది: చర్మకణాల్లో గ్వానిన్ అనే పదార్థపు అతిసూక్ష్మ స్ఫటికాలు ఉంటాయి. ఊసరవెల్లి నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ స్ఫటికాలు దగ్గరగా ఉంటాయి, ఉద్రేకంలో దూరం జరుగుతాయి. దాంతో చర్మం వెనక్కి కొట్టే వెలుగు రంగు మారుతుంది. నల్లబడటం మాత్రం మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం పరుచుకోవడం వల్ల.

మీకు కావలసింది దాని మామూలు రంగు. మీరు లేనట్టు కాస్త దూరం నుంచి చూసి గుర్తుపెట్టుకోండి. మీరు దగ్గరికి వెళ్ళగానే ఒళ్ళు ముదురు రంగుకు తిరిగినా, పక్కలు అణిగి మనిషి వైపు వెడల్పుగా తిరిగినా, గొంతు ఉబ్బినా అక్కడే ఆగిపోండి. నోరు తెరిచి బుసకొట్టిందంటే మీరు చాలాసేపటి నుంచీ హద్దు దాటి ఉన్నారన్నమాట.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది పొరబడతారు. పగటిపూట చేతిలో కళ్ళు మూసుకుని కదలకుండా ఉంటే అది నమ్మకం కాదు. తీవ్రమైన భయమో, జబ్బో అయి ఉంటుంది. కళ్ళు లోతుకు పోయినా, రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగులో ఉన్నా నీళ్ళు చాలడం లేదు. కాళ్ళు వంకరపోతుంటే కాల్షియం, యూవీబీ లోపాన్ని అనుమానించాలి. వీటిలో ఏది కనిపించినా అభ్యాసం ఆపి, సరీసృపాలు తెలిసిన పశువైద్యుడికి చూపించండి.

అభ్యాసం

వేటాడే పక్షులు పైనుంచే వస్తాయి. అందుకే పైనుంచి దిగే చెయ్యి దానికి ప్రాణభయం. గూడు ఎత్తులో ఉంచి, దాని కంటికి కిందుగా కూర్చోండి. మొదట్లో ఏమీ చేయకండి, మీ పని మీరు చూసుకోండి. రంగు మారకుండా మీ ఉనికిని భరించడం అలవాటయ్యాక, మేత గిన్నె పట్టుకున్న చెయ్యి గూట్లో పెట్టి కదలకుండా ఉంచండి.

ఆ తర్వాత గిన్నె తీసేసి అరచేతిలో ఒక్క పురుగు. దానికి బాగా ఇష్టమైనది ఈ ఒక్క పనికే దాచి ఉంచండి. ఇప్పుడు కళ్ళను గమనించండి. ఒక కన్ను మీ ముఖం మీద, ఇంకో కన్ను పురుగు మీద ఉంటుంది. ఎటూ తేల్చుకోలేక ఒక కాలు ముందుకు వేసి, ఊగి, మళ్ళీ వెనక్కి తీస్తుంది. మనసు కుదిరిన క్షణాన రెండు కళ్ళూ ముందుకు తిరిగి పురుగు మీద కలుస్తాయి, నోరు కొంచెం తెరుచుకుని నాలుక మొన కనిపిస్తుంది. ఊపిరి బిగబట్టాల్సింది ఇక్కడే. నాలుక పడ్డప్పుడు చెయ్యి వెనక్కి లాగితే దానికి దెబ్బ తగలవచ్చు. ఆ నాలుక ఒంటి పొడవును మించి సాగుతుంది కాబట్టి మరీ దగ్గరికి పెట్టనక్కర్లేదు.

చేతి మేత అలవాటయ్యాక ముంజేతిని అది నిలబడ్డ కొమ్మకు ఆనించి, ఛాతీ ముందు కాస్త ఎత్తుగా ఉంచండి. పైకి ఎక్కడం దాని సహజ గుణం. ఎక్కితే సరే, ఎక్కకపోతే రేపు చూద్దాం. పట్టుకుని లాగవద్దు. రెండు గుత్తులుగా చీలిన దాని పాదాలు కొమ్మను గట్టిగా బిగిస్తాయి, బలవంతం చేస్తే గోళ్ళు ఊడతాయి. కుబుసం విడిచేటప్పుడు, ఆడది గుడ్లతో ఉన్నప్పుడు, దీపాలు ఆరాక అసలు కదిలించకండి. సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకే ప్రమాదం ఉంది కనుక ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కొన్ని వారాల్లో చేతికొస్తాయి, కొన్నిటికి నెలలు పడుతుంది. కొన్ని ఎప్పటికీ రావు, చేతి మేత దగ్గరే ఆగిపోతాయి. నా దృష్టిలో అదీ పూర్తి విజయమే, వాటిని అక్కడే ఉండనివ్వండి.

ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, మీరు ఎంత దూరంలో ఉండగా రంగు మారింది, చేతిలోంచి తిన్నదా లేదా రాసుకోండి. బరువు తూచే వచ్చే పాఠానికి ఆ పుస్తకం, గ్రాములు చూపే చిన్న త్రాసు సిద్ధంగా ఉంచుకోండి.