వేధింపుల ఫిర్యాదు వస్తే: మేనేజర్‌ను మార్చే ముందు చూడాల్సినవి

వేధింపుల ఫిర్యాదు రాగానే చాలా ఐటీ కంపెనీల్లో హెచ్‌ఆర్ చేసే పని, టీమ్‌ను నడిపే మేనేజర్‌కు, అంటే లీడ్‌కు, క్లాసు పీకడం లేదా వేరే ప్రాజెక్టుకు పంపేయడం. ఫిర్యాదు నిజమైతే చర్య ఉండాల్సిందే. కానీ కొత్తగా వచ్చిన లీడ్ కూడా ఆరు నెలలకల్లా అలాగే తయారైతే, లోపం ఆ కుర్చీలో ఉన్నట్టు.

గత రెండేళ్ల రాజీనామాలు, బదిలీ అభ్యర్థనలు, సిక్ లీవులు టీమ్‌వారీగా తీయండి. పక్కనే లీడ్లు మారిన తేదీలు, డెలివరీ తేదీలు, అప్రైజల్ నెలలు వేయండి. లీడ్ మారినా అంకెలు కదలకపోతే పనిభారం, టార్గెట్లు చూడాలి. అప్రైజల్‌కు ముందే పెరుగుతుంటే అనుమానం బెల్ కర్వ్ మీదే, అంటే ఏ రేటింగ్ ఎంతమందికి అన్న కోటా మీదే. పదిమందిలో ఒకరికి అట్టడుగు రేటింగ్ తప్పనిసరి అయితే, అందరూ బాగా చేసినా ఎవరో ఒకరు బలి కావాలి. మార్చి రేటింగ్‌కు అక్టోబరు నుంచే సాక్ష్యాలు పోగవుతాయి: మీటింగుకు పిలవరు, చిన్న తప్పుకు పదిమందిని సీసీలో పెడతారు. మైక్రోసాఫ్ట్ ఈ కోటా రేటింగ్ పద్ధతిని 2013లో వదిలేసింది. చిన్న టీముల్లోనైనా కోటా ఎత్తేయండి.

టార్గెట్ పైనుంచే వస్తే సంగతి ఇంకా ముదురుతుంది. ఫ్రాన్స్ టెలికామ్ 2006లో, మూడేళ్లలో 22,000 మందిని తగ్గించుకోవాలనుకుంది. చాలామందికి ప్రభుత్వోద్యోగి హోదా, తీసేయడం కుదరదు. పొమ్మనలేక పొగబెట్టారు. 2019 డిసెంబరులో పారిస్ కోర్టు వేధింపుల కేసులో కంపెనీతో పాటు మాజీ సీఈవోనూ దోషిగా తేల్చింది.

ఇద్దరు బాసులున్న చోట, పని ఎవరిస్తారు, లీవు ఎవరు మంజూరు చేస్తారు, రేటింగ్ ఎవరు వేస్తారు అన్నది ఒక్క పేజీలో రాసి అందరికీ ఇవ్వండి. ఉద్యోగం మానేసేవారి రిలీవింగ్ తేదీ లీడ్ చేతిలో ఉండకూడదు. అది ఆ చేతిలో ఉన్నంతకాలం ఎవరూ నోరు విప్పరు.

ఫిర్యాదు దారి కూడా చూడండి. 10 మంది, అంతకు మించి ఉన్నచోట పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పెట్టే అంతర్గత కమిటీ లైంగిక వేధింపులనే విచారిస్తుంది. మిగతా వేధింపులకు రిపోర్టింగ్ లైన్‌తో సంబంధం లేని ఇద్దరిని విడిగా నియమించాలి. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో ముందే ప్రకటించాలి.

పేర్లు లేని సర్వే అంటూ ఐదుగురి టీమ్ ఫలితాలను లీడ్‌కే పంపడం మామూలుగా జరిగే పొరపాటు. రాసిందెవరో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఎనిమిది మందికన్నా తక్కువుంటే పక్క టీముతో కలిపి చూపండి. రాసిన వ్యాఖ్యలను ఉన్నదున్నట్టు ఇవ్వకండి.