పావురాల రేసు సీజన్ ముందు దాణా జాగ్రత్తలు: తడిసిన మక్కలు ఎండబెట్టినా పనికిరావు

ఈ నెలల కాజీపేట దిక్కు ఒక తమ్ముని లాఫ్ట్, అంటే పావురాల గూడు, పిట్టలు చచ్చి సగం ఖాళీ అయింది. ముందుగాల పారామిక్సో అనే వైరస్ రోగం అనుకున్నరు, తర్వాత నీళ్లల్ల యాంటీబయాటిక్ కలిపిన్రు, ఎవలో దిష్టి పెట్టిన్రని కూడా అన్నరు. దాణా డ్రమ్ముల చెయ్యి పెట్టి గుప్పెడు మక్కలు తీసి చూస్తే ముక్కిన వాసన, గింజ మొన దగ్గర గోరుతోని గీకితే పొట్టు కింద ఆకుపచ్చ బూజు. "తడిసినయే అన్నా, కానీ డాబా మీద మంచిగ ఎండబెట్టిన, గలగల అంటున్నయ్ సూడు" అన్నడు. ఇగో ఈ మాటనే నేను ఎంతమంది నోట విన్ననో. అందుకే రాస్తున్న, చలి మొదలైంది, ట్రైనింగ్ టాస్‌లు (దూరం తీసుకపోయి ఇడిచి ఇంటికి ఎగిరించుడు) పడుతున్నయ్, ఇప్పుడు తిన్న గింజతోనే జనవరి, ఫిబ్రవరిల రేసు ఎగరాలె.

నీళ్లు రోజు మార్చాలె, ట్రేలు కడగాలె, గ్రిట్ (అరుగుదలకు మింగే సన్న రాళ్లు) ఎప్పుడూ ఉండాలె, ఇవన్ని హోమర్లు (రేసు పావురాలు) పెంచేటోళ్లకు చెప్పే ముచ్చట గాదు. నేను చెప్పేది ఒక్కటే, తడిసిన మక్కలు ఎండబెట్టినా పనికిరావు. మిగతాయన్ని దాని ఎనుకనే.

ఎందుకు పనికిరావు

మక్కలకు, పల్లీలకు తేమ తగిలితే ఆస్పర్జిల్లస్ అనే బూజు పడతది, ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం వదుల్తది. ఎండల పోస్తే బూజు పెరుగుడు ఆగుతది, విషం మాత్రం గింజలనే ఉంటది. చాయ్ మొత్తం ఆరిపోయినా చక్కెర గ్లాసుకు అంటుకొనే ఉంటది గదా, గట్ల. కడిగినా పోదు, పెనం మీద వేయించినా పూర్తిగ పోదు. పైకి సూస్తే పసుపుపచ్చగ, గట్టిగ, మంచి మక్కల లెక్కనే ఉంటయ్, మోసం అంత అక్కడనే.

ఇది పావురాల కథనే గాదు. 1960ల ఇంగ్లండ్‌ల లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే ఏం రోగమో తెల్వక తలలు పట్టుకున్నరు, ఆఖరుకు తేలింది ఏందంటే దాణాల కలిపిన బూజు పట్టిన పల్లి చెక్క. ఈ విషానికి పేరు పెట్టింది గూడ ఆ తర్వాతనే. మన దేశంల 1974ల రాజస్థాన్, గుజరాత్ ఊర్లల్ల కోత టైంల వాన పడి తడిసిన మక్కలు తిని వంద మందికి పైగా మనుషులు పోయిన్రు. మనుషులకే గట్లైతే అరకిలో బరువు లేని పిట్టకు ఎట్లుంటదో మీరే ఆలోచించుండ్రి.

ఈ విషం పోయి కొట్టేది లివర్‌ను. రేసు పావురం గంటల కొద్ది ఎగిరేది ఒంట్ల ఉన్న కొవ్వు కరిగించుకొని, ఆ పని సక్కగ నడవాలంటే లివర్ మంచిగుండాలె. విషం ఎక్కువ పోతే కొద్ది దినాలల్లనే చస్తది, తక్కువ పోతే చావదు, అదే ఇంకా పాడు. లాఫ్ట్‌ల మామూలుగ తిరుగుతది, 20 కిలోమీటర్ల టాస్ నుంచి వస్తది, 200 కాడ రాదు. మనం ఏమంటం, డేగ ఎత్తుకపోయింది అంటం, ఎదురుగాలి అంటం, లైన్ (వంశం) మంచిది గాదు అని మంచి జోడిని అమ్ముకుంటం. పైగా రోగాలను తట్టుకునే శక్తి కూడా తగ్గుతది కాబట్టి క్యాంకర్ (గొంతు రోగం), కాక్సీడియా (పేగుల రోగం) ఒకదాని ఎనుక ఒకటి వస్తనే ఉంటయ్, మందులు పోస్తనే ఉంటం, దాణా డ్రమ్ము దిక్కు మాత్రం ఎవలు సూడరు.

ఈ మక్కలు మన దాక ఎట్ల వస్తయ్

2025 అక్టోబర్ ఆఖరుల మొంథా తుఫాను వానకు వరంగల్, హన్మకొండ కాలనీలు మునిగినయ్, యాదుంది గదా. అసొంటి వాన కోత టైంల పడితే కళ్లాలల్ల, రోడ్ల మీద ఆరబోసిన మక్కలు, వడ్లు తడుస్తయ్. సర్కారు కొనుగోలు కేంద్రంల మక్కల తేమ 14 శాతం దాటితే తీసుకోరు. రైతు ఏం జేస్తడు పాపం, ఎండబెట్టి వచ్చిన కాడికి అమ్ముకుంటడు, ఆయన తప్పు గాదు. ఆ సరుకు చేతులు మారి చిల్లర దుకాణంల "పావురాల మక్కలు, చీప్" అని మన ముందుకు వస్తది.

ఒక్కసారి లెక్క చేసుకోండ్రి. పావురానికి రోజుకు 30 నుంచి 35 గ్రాముల దాణా, 40 పావురాలకు కిలోన్నర లోపే, అందుల మక్కలు సగం కూడా ఉండవు, నెలకు మొత్తం 20 కిలోలు అనుకుందాం. కిలోకు 5 రూపాయలు మిగిల్చినవనుకో, నెలకు 100 రూపాయలు. ఒక రింగు పిల్ల (కాలికి రింగు తొడిగిన రేసు పిల్ల) ఎంత పెట్టి కొన్నవ్ మరి?

కొనేటప్పుడు

బస్తా పైన సూడకుండ్రి, చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి తియ్యుండ్రి. గుప్పెట్ల పట్టి నోటి గాలి ఊది వాసన సూడుండ్రి, వెచ్చగయితే ముక్కిన వాసన బయటపడ్తది. గింజ సన్నటి మొన దిక్కు, మొలక వచ్చే జాగల, గోరుతోని పొట్టు లేపుండ్రి, తెల్లగ ఉండాలె. నల్లటి బూజో, ఆకుపచ్చ బూజో ఉంటే ఆ బస్తా వద్దు. ఒక్క గింజనే గదా అనకుండ్రి, కనబడ్డది ఒక్కటి.

తేమ మిషన్ లేకపోతే ఉప్పు పరీక్ష ఉంది. బాగా ఆరిన గాజు సీసాల మూడో వంతు మక్కలు పోసి, పొడి ఉప్పు రెండు చెంచాలు వేసి, మూత పెట్టి ఒక నిమిషం గట్టిగ ఊపి, పావుగంట పక్కన పెట్టుండ్రి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ ఎక్కువున్నట్టు, కిందికి రాలిపోతే నిల్వ పెట్టుకోవచ్చు. కానీ ఇది ఇయ్యాల్టి తేమను చెప్తది, నెల కింద తడిసిందో లేదో చెప్పదు. అందుకే తెలిసిన రైతు దగ్గర, వాన పడని కోత అడిగి కొనుడే మేలు. 100 గింజలు తడిబట్టల కట్టి మొలకలు లెక్కబెట్టే పద్ధతి కూడా మంచిదే, 90 కంటే తక్కువ మొలిస్తే నేనైతే పెట్ట.

పల్లీలకు ఇంకా కఠినంగ ఉండాలె, ఎందుకంటే రేసుకు రెండు మూడు దినాల ముందు కొవ్వు కోసం పెట్టేది అవే, ఈ బూజు అన్నిట్ల కంటే ఇష్టపడేటియి కూడా మక్కలు, పల్లీలే. మీరు మనుషులు తినే పల్లీలే తెచ్చి, ముడుచుకపోయినయి, రంగు మారినయి చేత్తోని ఏరి పడేయిండ్రి. పావురానికి ఐదారు గింజలు చాలు, అంతకంటె ఎక్కువైతే కొవ్వు గాదు, బద్ధకం.

పెట్టే పద్ధతి

పొద్దుగాల తక్కువ, మాపటికి ఎక్కువ. టాస్‌కు పోయే పూట దాణా లేదు, వచ్చినంకనే. వారం మొదట్ల బార్లీ, వడ్లు, జొన్నలు ఎక్కువ, బాస్కెట్ల పెట్టి రేసుకు పంపే దినం దగ్గరికి వస్తున్న కొద్ది మక్కలు, కుసుమలు పెంచాలె. బటానీలు, పెసర్లు ఈక రాల్చే టైంల, పిల్లలు ఉన్నప్పుడు ఎక్కువ కావాలె, రేసు ముందు రోజు గాదు. కడుపు నిండిందా లేదా అని తెల్సుకునుడు శాన అల్కగ, ట్రేల బార్లీ సూడుండ్రి. పావురం మక్కలు, పల్లీలు ముందు ఏరుకుంటది, బార్లీ ఆఖరుకు తింటది. బార్లీ మిగుల్తుందంటే చాలయింది, ట్రే తియ్యుండ్రి. బార్లీ కూడా ఊడ్చేసిందంటే ఇంకో గుప్పెడు.

రేసు నుంచి వచ్చిన పావురానికి ముందు నీళ్లు, ఓఆర్ఎస్ కలిపినయి, ఆ తర్వాత తేలిక దాణా కొద్దిగ. సంతోషంతోని మక్కలు కుమ్మరిస్తరు కొందరు. ఒళ్లు ఎండిపోయి వచ్చిన పిట్టకు గట్టి గింజ మెడ సంచిలనే ఆగి పులుస్తది. మాపటికి మామూలు దాణా పెట్టుకోవచ్చు. ఓఆర్ఎస్ నీళ్లు రాత్రి దాక ఉంచకుండ్రి.

ఇంక వరుసగ రాస్త, గుర్తుకొచ్చినయ్ గుర్తుకొచ్చినట్టు:

- తడిసిన మక్కలు ఎండబెట్టినా పనికిరావు. మళ్ల చెప్తున్న.
- ఎండల పోసిన మంచి మక్కలు గూడ వేడి మీద డ్రమ్ముల పోసి మూత పెట్టకుండ్రి, లోపల చెమట పట్టి మళ్ల తేమ ఎక్కుతది. రాత్రి చల్లారినంక పొయ్యుండ్రి.
- బస్తా నేల మీద వద్దు, గోడకు ఆనిచ్చి వద్దు. కింద చెక్కలు.
- ఎర్రగ, గులాబి రంగుల ఉన్న విత్తనం మక్కలు ముట్టకుండ్రి. అది మందు పట్టించిన విత్తనం. కడిగితే రంగు పోతది, మందు పోదు.
- పురుగు పట్టొద్దని గ్యాస్ గోలీలు దాణాల వేస్తరు కొందరు. ఆ గ్యాస్‌కు పావురాలే గాదు, ఇంట్ల మనుషులు పోతరు. వద్దు అంటే వద్దు.
- ఎలుక తిరిగిన దాణా పడేయిండ్రి. ఎలుక పెంటికలు పడ్డ గింజ నుంచి సాల్మొనెల్లా అనే రోగం వస్తది.
- కొత్త బస్తా, పాత బస్తా కలపకుండ్రి. పావురాలు సుస్తయితే ఏ బస్తాదో తెల్వాలె.
- వెల్లుల్లి నూనె, పల్లి నూనె పట్టించే అలవాటుంటే ఆ పూటకు తినేంతే. మిగిలింది ముక్కుతది.
- సంక్రాంతి ముందు వెనుక చైనా మాంజా ఉంటది, బయటికి ఇడువకుండ్రి, ఎగరని దినాలల్ల మక్కలు సగం చేసి బార్లీ పెంచుండ్రి.
- బ్రెడ్డు, బిర్యానీ, ఉప్పు పల్లీలు, మిక్చర్ బంద్.
- తిన్నంక ట్రేల మిగిలింది తియ్యుండ్రి, మంచు పడి రాత్రికి రాత్రి తడుస్తది.
- లివర్ టానిక్ పోస్తున్న గదా అని పాడు మక్కలు పెట్టేటోళ్లున్నరు. టానిక్ విషాన్ని తియ్యదు.
- కోళ్ల దాణాల కలిపే టాక్సిన్ బైండర్ (విషాన్ని పట్టుకునే పొడి) ఉంది గదా అంటరు. కొంత పట్టుకుంటది, మొత్తం గాదు. చెడిపోయిన గింజను మంచి గింజ చెయ్యదు.
- పాడయిన మక్కలు పక్కింటి కోళ్లకు, బర్రెకు పొయ్యకుండ్రి. బర్రె తింటే పాలల్లకు వస్తది.
- ఆ బూజు దులిపేటప్పుడు మూతికి బట్ట కట్టుకోండ్రి.
- రెట్ట ఆకుపచ్చగ నీళ్లలెక్క, ఈకలు ఉబ్బించుకొని కూసునుడు, రొమ్ము ఎముక చేతికి కత్తి లెక్క తగులుడు, ఇవి కనబడంగనే మందు షాపుకు ఉరుకకుండ్రి, ముందు దాణా మార్చుండ్రి.
- చచ్చిన పావురాన్ని పాతిపెట్టకుండ్రి, ఫ్రీజర్ల గూడ వద్దు. కవర్ల కట్టి ఐసు మీద పెట్టి అదే రోజు మామునూరు వెటర్నరీ కాలేజీకో, దగ్గరి పశువుల దవాఖానకో పట్టుకపోండ్రి, డ్రమ్ముల మక్కలు గూడ ఒక కవర్ల తీసుకపోండ్రి.
- తడిసిన మక్కలు ఇంట్ల ఉన్నోళ్లు ఇది సదివినంక "కొన్నే కలుపుత" అనకుండ్రి. కొన్ని గూడ వద్దు, ఇయ్యాల్నే తీసి గుంతల పూడ్చుండ్రి, డ్రమ్ము కడిగి రెండు దినాలు ఎండల బోర్లించి ఆ తర్వాతనే కొత్త దాణా పొయ్యుండ్రి.