ఫిర్యాదు విన్న కమాండర్ తరువాత చేయవలసినది

యూనిట్‌లో ఫిర్యాదులే లేవని సంతోషించే ముందు, అవి తన దాకా ఎందుకు రావడం లేదో కమాండర్ ఒకసారి ఆలోచించడం మంచిది. 1797 తొలి నెలల్లో బ్రిటిష్ నావికులు తమ బాధలు చెప్పుకొంటూ పంపిన వినతిపత్రాలను, వాటిపై సంతకాలు లేవని పైవారు పక్కన పెట్టారు. ఏప్రిల్‌లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని స్పిట్‌హెడ్ వద్ద నౌకాదళం లంగరెత్తడానికి నిరాకరించింది. జీతం 130 ఏళ్లకు పైగా పెరగలేదు. పైగా తిండి సరుకుల తూకంలో 16 ఔన్సులు ఉండవలసిన పౌను, నావికుడి చేతికి వచ్చేసరికి 14 ఔన్సులే అయ్యేది. చివరకు వృద్ధుడైన అడ్మిరల్ హౌ స్వయంగా ఓడ ఓడకూ వెళ్లి వారి మాట విన్నాకే వ్యవహారం చల్లబడింది.

అందరినీ వరుసలో నిలబెట్టి ‘ఎవరికైనా ఇబ్బంది ఉందా?’ అని అడిగితే, పక్కనే తమ పై అధికారి నిలబడి ఉండగా ఎవరూ నోరు విప్పరు. అందుచేత వంటశాలకు, రాత్రి కాపలా చోటికి, వాహనాల షెడ్డుకు ముందుగా కబురు పెట్టకుండా వెళ్లి, జవాబు దాటవేయడానికి వీల్లేని చిన్న ప్రశ్నలు అడగాలి: కిందటి సెలవు ఎప్పుడు దొరికింది, ఈ వారం ఎన్ని రాత్రులు కాపలా కాశారు, బూట్లు ఎప్పుడు మార్చారు? సైనికుడు చెబుతున్నప్పుడు కమాండర్ తనను తాను సమర్థించుకోకూడదు, అక్కడికక్కడే హామీ ఇవ్వకూడదు. ఎదుటే రాసుకొని, ఫలానా రోజుకు జవాబు చెబుతానని తేదీ ఇవ్వాలి.

మామూలు ఇబ్బందులను ప్లటూన్ (యూనిట్‌లోని చిన్న దళం) నాయకుల చేతే సరిచేయించాలి. వారిని దాటి కమాండరే ఉత్తర్వులిస్తూ పోతే వారి మాటకు విలువ ఉండదు. అయితే కొట్టడం, వేధించడం, డబ్బు గుంజడం వంటి ఆరోపణను, అది ఎవరి మీద వచ్చిందో వారికే విచారణకు పంపడం ఫిర్యాదిని అప్పగించడమే అవుతుంది. దానిని గోప్యంగా, నియమావళి ప్రకారం, రాతపూర్వకంగా నడిపించాలి.

కమాండర్లు ఎక్కువగా తప్పేది జవాబు దగ్గర. 1917లో ఫ్రెంచ్ సైన్యంలో తిరుగుబాట్లు చెలరేగినప్పుడు దాని సేనాధిపతి పెతాఁ శిక్షలు విధించడంతో ఆగక, డివిజన్లనే పెద్ద దళాల దగ్గరికి వెళ్లి చూసి, సెలవులను క్రమబద్ధం చేసి, విశ్రాంతిని, భోజనాన్ని మెరుగుపరిచాడు. అంటే సైనికుడు కంటితో చూడగలిగిన మార్పు వచ్చింది. మార్చడం తన చేతిలో లేనిదైతే, కాదన్న మాటను కూడా కారణంతో సహా, చెప్పిన తేదీకే, ఫిర్యాదు చేసిన మనిషికే చెప్పాలి. కారణం తెలిసిన నిరాకరణను సైనికులు భరిస్తారు. మౌనాన్ని మాత్రం అవమానంగా తీసుకుంటారు.

మరో నెల గడిచాక కాపలా పట్టికను, సెలవుల రిజిస్టరును స్వయంగా తెప్పించుకొని చూడాలి. ఫిర్యాదు చేసిన వ్యక్తి పేరు రాత్రి విధుల్లో హఠాత్తుగా ఎక్కువైందా, అతని సెలవు దరఖాస్తు ఎక్కడైనా ఆగిందా అన్నది అక్కడే బయటపడుతుంది.