కాన్వెంట్ బడిలో ఆడపిల్లల మనసు కనిపెట్టుకోవడం ఎలా

శిక్ష వేసేవాళ్లూ గోడు వినేవాళ్లూ ఒకరే అయితే ఏ పిల్లా నోరు విప్పదు. కాన్వెంట్ బడుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. పొద్దున ఆలస్యమైందని గేటు దగ్గర నిలబెట్టిన సిస్టరే మధ్యాహ్నం పిలిచి "ఏమ్మా, ఇంట్లో ఏమైనా బాధా?" అంటే పిల్ల "ఏం లేదు సిస్టర్" అనే అంటుంది. కాబట్టి ముందు ఈ రెండు పనులూ విడదీయండి. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ జరగాలి. మీ సిస్టర్ల మఠసభలోనే సైకాలజీ చదివిన సిస్టర్ ఉంటే ఆమెను పెట్టుకోవచ్చు. అయితే ఆమెకు హాస్టల్ వార్డెన్ పనీ, మార్కులు వేసే పనీ అప్పగించకండి.

కౌన్సెలింగ్ గది హెచ్.ఎం. గది పక్కన వద్దు. అక్కడికి వెళ్లిన పిల్లను చూసి క్లాసంతా "ఏం తప్పు చేసింది?" అనుకుంటుంది. లైబ్రరీ చివరో, సిక్ రూమ్ పక్కనో పెట్టండి. తలుపుకు అద్దం ఉండాలి, మాట మాత్రం బయటికి వినబడకూడదు. ప్రతి టర్మ్‌లో ప్రతి పిల్లనూ వరుస నంబరు ప్రకారం పదేసి నిమిషాలు పిలవండి. 40 మంది ఉన్న సెక్షన్‌కు 400 నిమిషాలు, అంటే పది పీరియడ్లు. వాల్యూ ఎడ్యుకేషన్ పీరియడ్లలోంచి తీసుకుంటే సరిపోతుంది. అందరూ వెళ్లే గదికి వెళ్లడంలో నామోషీ ఉండదు. మొదటి టర్మ్‌లో చాలామంది ఏమీ చెప్పరు. రెండో టర్మ్‌లో చెప్తారు.

ముందు పసిగట్టేది క్లాస్ టీచరే

చూడాల్సింది మార్కులను కాదు, మార్పును. వాగుడుకాయ మూగబోవడం, సోమవారాలే సెలవు పెట్టడం, లంచ్ బాక్స్ తెరవకుండానే ఇంటికి పట్టుకెళ్లడం, ఎండలో కూడా పొడుగు చేతుల స్వెటర్ విప్పకపోవడం. వీటిలో ఒకటి కనిపిస్తే గమనించండి. రెండు కలిసి రెండు వారాలు ఉంటే కౌన్సెలర్‌కు చెప్పండి. అసెంబ్లీలో కళ్లు తిరిగి పడిపోయిన పిల్లకు గ్లూకోజ్ నీళ్లు ఇచ్చి పంపేయకండి. పొద్దున ఏం తిందో అడగండి.

తిండి సంగతి కాన్వెంట్‌లో ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఉపవాసం అంటే ఎవరూ ప్రశ్నించరు. లావైపోతున్నానని తిండి మానేసిన పిల్లకు తపస్సుకాలమో (ఈస్టర్‌కు ముందు క్రైస్తవుల ఉపవాస దినాలు) కార్తీక సోమవారమో మంచి ముసుగు. శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం ప్రకారం ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవాళ్లకే. 14 నిండినవాళ్లకు మాంసం మానే నియమం ఒక్కటే. ఈ మాట తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందే సత్యోపదేశం (మతబోధ) క్లాసులో స్పష్టంగా చెప్పండి. పండుగ దాటినా ఉపవాసం ఆగకపోతే అది భక్తి కాదని అర్థం.

నెలసరి గురించి ఒక్క మాట. తెల్ల యూనిఫాం రోజున హాజరు తగ్గుతోందేమో రిజిస్టర్ తిరగేసి చూడండి. మరక భయంతో బడి మానే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఆ రోజు రంగు స్కర్టు వేసుకోవచ్చని, కారణం ఎవరూ అడగరని చెప్తే చాలు. ప్యాడ్లు ఆఫీసులో కాకుండా టాయిలెట్ పక్క అలమరాలో ఉంచండి. మూత ఉన్న చెత్తబుట్ట ప్రతి గదిలోనూ ఉండాలి. నీరసంగా ఉండే పిల్లల్లో రక్తహీనత చాలాసార్లు బయటపడుతుంది. ప్రభుత్వ కార్యక్రమంలో వారానికొకటి ఇచ్చే నీలి మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. భోజనం తర్వాత, టీ లేకుండా వేయించండి. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే రెండో వారం నుంచి మాత్రలు కిటికీలోంచి పోతాయి.

పిల్ల చెప్పడం మొదలుపెట్టినప్పుడు

"ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. ఆ మాట నిలబెట్టుకోలేని రోజు వస్తుంది, అప్పుడు ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదు. ఇలా అనండి: "నువ్వు చెప్పింది నలుగురిలో పెట్టను. నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం, నిన్ను కాపాడగలిగినవాళ్లకు చెప్తాను. ఎవరికి చెప్పేదీ ముందు నీకే చెప్తాను." తర్వాత వినండి. "ప్రార్థన చేసుకో, అంతా సర్దుకుంటుంది" అన్న మాట ప్రేమతోనే వస్తుంది, కానీ అక్కడితో సంభాషణ ముగిసిపోతుంది. ప్రార్థన తోడుగా ఉండొచ్చు, చికిత్సకు బదులు కాదు. పైగా కాన్వెంట్ పిల్లల్లో క్రైస్తవులు కానివాళ్లే ఎక్కువమంది ఉంటారు.

చనిపోవాలని ఉందేమోనన్న అనుమానం వస్తే సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు. "అవును" అంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకండి, టాయిలెట్‌కు కూడా. తల్లిదండ్రులను ఆ రోజే పిలిపించి చేతికి అప్పగించండి. బస్సెక్కించి పంపకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరూ, పిల్లల హెల్ప్‌లైన్ 1098నూ టాయిలెట్ తలుపుల లోపలివైపు అంటించండి. నోటీసు బోర్డు ముందు నిలబడి నంబరు రాసుకునే ధైర్యం ఎవరికుంటుంది?

లైంగిక వేధింపు గురించి చెప్తే బడి విచారణ చేయకూడదు. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష ఉంది. నిందితుడిని పిలిచి అడగడం, పిల్ల చేత నలుగురి ముందు మళ్లీ మళ్లీ చెప్పించడం, "బడి పరువు" అని ఆగడం, మూడూ తప్పే. ఆమె మాటల్ని ఆమె మాటల్లోనే తేదీ వేసి రాసిపెట్టండి. ఇంకొకటి, ఆ పిల్లను ఆ సమయంలో పాపసంకీర్తనానికి (చర్చి గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) పంపకండి. తప్పు తనదేనని ఆమె మనసులో పడిపోతుంది. పైగా అక్కడ విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు కాబట్టి సహాయం అందే దారీ మూసుకుపోతుంది.

ఉత్తరం దొరికినప్పుడు

పుస్తకంలో ప్రేమ ఉత్తరమో, దాచిన ఫోనో దొరికితే అలవాటుగా జరిగేది తల్లిదండ్రులను పిలిపించడం, టి.సి. ఇచ్చేస్తామని బెదిరించడం. తర్వాత ఏమవుతుందో బడికి తెలియదు. కొన్ని ఇళ్లలో చదువు మాన్పించి సంబంధాలు చూస్తారు. కాబట్టి ముందు కౌన్సెలర్ పిల్లతో మాట్లాడాలి. అవతలి మనిషి వయసెంత, బెదిరింపు ఉందా, ఫోటోలు పంపిందా అన్నవి తెలుసుకోవాలి. అతను పెద్దవాడైతే సంగతి క్రమశిక్షణది కాదు, రక్షణది. ఇంటికి చెప్పాల్సి వస్తే ముందు తల్లికి, ఉత్తరం చేతికివ్వకుండా చెప్పండి. పెళ్లి మాట వినబడితే 1098కి ఫోన్ చేయండి. 18 నిండని ఆడపిల్ల పెళ్లి నేరం.

ఫీజు సంగతి కూడా ఇక్కడే. "ఫీజు కట్టనివాళ్లు లేచి నిలబడండి" అన్న మాట మీ బడిలో వినబడకూడదు. ఆ చీటీ తల్లిదండ్రులకే వెళ్లాలి.

హాస్టల్లో

కొత్తగా చేరిన పిల్ల మొదటి మూడు వారాలు ఏడుస్తుంది. ఫోన్ చేస్తే ఇంకా ఏడుస్తుందని ఫోన్ ఆపకండి. వారానికి రెండు రోజులు, ఒకే టైముకు, స్పీకర్ పెట్టకుండా మాట్లాడనివ్వండి. పదో తరగతి పిల్లలకు రాత్రి 11 దాకా స్టడీ, పొద్దున 5కి లేపడం అంటే ఆరు గంటల నిద్రే. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. రాత్రి స్టడీ తొమ్మిదిన్నరకు ముగించి ఆరుకు లేపండి. దివ్యబలిపూజకు (చర్చిలో జరిగే పూజకు) వెళ్లే పిల్లలను పొద్దున ఎంత ముందు లేపితే రాత్రి అంత ముందు దీపం ఆర్పాలి.

కౌన్సెలర్ నోటుబుక్కు ఒకటే ఉండాలి, తాళం వేసిన అలమరాలో. "డిప్రెషన్" లాంటి పేర్లు రాయకండి, అది డాక్టర్ పని. చూసింది, విన్నది, చేసింది రాయండి. కౌన్సెలర్ సిస్టర్‌కు బదిలీ వస్తే ఆ నోటుబుక్కు వచ్చే ఆమెకే నేరుగా అందాలి. దానికంటే ముందు, తన దగ్గరికి వస్తున్న ఒక్కొక్క పిల్లనూ పిలిచి తాను వెళ్తున్నానని చెప్పాలి. సెలవులయ్యాక వచ్చి చూస్తే ఆ గదిలో కొత్త ముఖం ఉండటం కన్నా, ఏప్రిల్‌లోనే ఇద్దరినీ ఒకసారి కలిపి కూర్చోబెట్టడం మంచిది.